మా నాయన పేరున్న కొండ

మా నాయన పేరు ఓబులేసు. ప్రొద్దుటూరు సంతలో నిలబడి "ఓబులేసూ" అని ఒక్క కేక వేస్తే కనీసం నలుగురు వెనక్కి తిరుగుతారు. ఓబుల్ రెడ్డి, ఓబయ్య, ఓబులమ్మ, పెద్ద ఓబన్న, చిన్న ఓబన్న... మా వైపు పల్లెల్లో ఈ పేరు లేని వీధి దొరకదు. అయినా నేను హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఫారాల్లో తండ్రి పేరు దగ్గర చేయి అడ్డం పెట్టుకుని రాసేవాణ్ణి. హాస్టల్లో ఒకడు చూడనే చూశాడు. ఆ నాలుగేళ్లూ నా పేరు పోయి 'ఓబు' మిగిలింది.

ఆ పేరు వెనక కథ నాకు తెలియక కాదు. మా జేజికి తొలి ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారట. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డ దక్కితే నీ పేరే పెట్టుకుంటానని అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుంది. దక్కినవాడు మా నాయన. హిరణ్యకశిపుణ్ణి చీల్చేటప్పుడు దేవతలు చూసి "అహో బలం!" అన్నారని, అందుకే అది అహోబలమని ఒక మాట. స్వామి వెలిసిన గుహ పేరు మీద అహోబిలమని ఇంకో మాట. ఏదైతేనేం, అహోబలేశుడు తరతరాలుగా మా నోళ్లలో నలిగి నలిగి ఓబులేసు అయ్యాడు.

ఇంతా చేసి మా నాయన ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. ఇంట్లో ఎవరికి పుట్టెంట్రుకలు తీయాలన్నా దిగువ అహోబిలమే పోతాం. ప్రహ్లాదవరదుడి గుడిలో దండం పెట్టుకుని, బయట చెట్టు కింద పొంగలి వండుకుని తిని, సాయంత్రానికి ఇల్లు చేరతాం. మరీ ఓపికుంటే బస్సులో ఎగువ గుడి దాకా. "అంతకంటే పైన మనకేం పని? అడివి" అనేవాడు.

ఆయన మనసు మార్చింది భక్తి కాదు, రోషం. నాయన కుర్రతనం నుంచి మా ఊరి చెక్కభజనలో ఉన్నాడు. ఆ జట్టులో ఆయన ఈడువాడే ఒకాయన పోయినేడు అహోబిలం వెళ్లి వచ్చి, చావిట్లో కూర్చుని "తొమ్మిది నరసింహసాములనీ చూసినా" అని చెప్పుకున్నాడట. ఆ రాత్రే నాకు ఫోను. "పేరేమో నాది, చూసొచ్చిందేమో వాడు. ఈ కార్తీకంలో పోదాం. సెలవు పెట్టు." 67 ఏళ్ల మనిషి, చెక్కభజన ఎగిరి ఎగిరి అరిగిన మోకాళ్లు. అమ్మ నన్ను పక్కకు పిలిచి "మధ్యలో కూలబడితే నువ్వే మోసుకొని రావాల" అంది. తను మాత్రం రానని తేల్చి చెప్పింది.

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, చాగలమర్రి మీదుగా ఆళ్లగడ్డ. ఆళ్లగడ్డ రాగానే రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు మొదలవుతాయి. సగం చెక్కిన ఆంజనేయులు, ముక్కు ఇంకా రాని అమ్మవార్లు, పక్కనే పూర్తయి దుమ్ము పట్టిన రాజకీయ నాయకులు. అక్కణ్ణుంచి కొండ వైపు తిరిగితే పొలాలైపోయి నల్లమల మొదలవుతుంది. నల్లమల, శేషాచలం కొండల వరుసంతా పడుకున్న ఆదిశేషుడని, తిరుమల పడగ అని, అహోబిలం నడుమని, శ్రీశైలం తోక అని మా వైపు చెప్తారు. నాయన కారు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి "అదిగో నడుము" అని చూపించాడు, తన పొలం గట్టు చూపించినంత నమ్మకంగా.

ముందే మాట్లాడి పెట్టుకున్న గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. పెళ్లి బృందమట. దాని గురించి రాస్తే ఈ పోస్టు అంతా అదే అవుతుంది కాబట్టి వదిలేస్తున్నా. ఒక సత్రంలో రెండు చాపలు దొరికాయి.

నవ నారసింహుల పేర్లు ఒక శ్లోకంలో వరసగా వస్తాయి: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. చూడటం మాత్రం ఈ వరసలో కుదరదు. దిగువ చుట్టుపక్కల ఉన్నవి మొదటి రోజు మధ్యాహ్నం పెట్టుకున్నాం. పరశురాముడు తపస్సు చేశాడనే భార్గవం, ప్రహ్లాదుడికి యోగం నేర్పాడనే యోగానందం త్వరగానే అయిపోయాయి. ఎగువకు పోయే ఘాటు రోడ్డు పక్కనే కారంజ నరసింహుడు, కానుగ చెట్టు నీడన, చేతిలో విల్లుతో. హనుమంతుడు నాకు రాముడే కావాలని పట్టుబడితే స్వామి విల్లు పట్టుకుని కనిపించాడని కథ. పూజారి చెప్తుంటే నాయన మధ్యలో అందుకుని "అలిగినోడి కోసం వేషం మార్చినాడన్నమాట" అన్నాడు. నాటకాల ఊర్లో పుట్టిన మనిషి.

ఆ రోజు మేము ఎక్కువ సేపు ఆగింది ఛత్రవటం దగ్గర. గొడుగులా పరుచుకున్న మర్రి కింద స్వామి ప్రసన్నంగా కూర్చుని ఉంటాడు. హాహా హూహూ అనే గంధర్వులు పాడుతుంటే విన్నాడట. ఆ వింటున్నట్టే ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది. హారతి వెలుగులో పూజారి ఆ చేతిని ప్రత్యేకంగా చూపిస్తాడు. నేను దండం పెట్టి పక్కకు జరిగాను. నాయన కదల్లేదు. వెనక జనం తోస్తున్నా ఆ చేతి వేళ్లనే చూస్తున్నాడు. బయటికి వచ్చాక రాతి మీద కూర్చుని తన తొడ మీద తను కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, ఆగి, మళ్లీ.

"ఏంది నాయనా?"

"చెయ్యి పైకి లేచినాక చూపించలేదురా, పడినాక చూపించినాడు. ఏ తాళమో తెలియాలంటే రెండో దెబ్బ యాడ పడుతుందో తెలియాల."

పావుగంట గడిచింది. కొట్టడం ఆపి, "ఆదితాళం మాత్రం కాదు" అన్నాడు. ఎలా తెలిసిందని అడిగితే చెప్పలేదు. నలభై ఏళ్లు చెక్కలు పట్టిన చేతులు, వాటికి ఏదో తెలిసే ఉంటుంది.

రెండో రోజు చీకటితోనే లేచి ఎగువకు పోయాం. అక్కడ గుహలో కొలువైన అహోబిల నరసింహుడు స్వయంభువు, హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీల్చే ఉగ్రరూపం. చెంచులక్ష్మి గుడి పక్కనే. దర్శనం అయ్యాక అసలు నడక మొదలవుతుంది. బయట ఊతకర్రలు ఇస్తుంటారు, మొహమాటపడకుండా తీసుకోండి. కాళ్లకు సాయం సంగతి సరే, కోతులకు అదే సమాధానం. నేను హీరోలా వద్దన్నాను. పది నిమిషాల్లో నా చేతిలో ఉన్న అరటిపళ్ల సంచి ఒక గండుకోతి చేతిలోకి మారింది. నాయన తన కర్ర నేలకు తాటించి నిలబడితే ఆయన జోలికి ఒక్కటీ రాలేదు.

దారి చూపడానికి ఒక చెంచు కుర్రాణ్ణి మాట్లాడుకున్నాం. పాతికేళ్లుంటాయేమో. కాళ్లకు రబ్బరు చెప్పులు, భుజాన మా నీళ్ల సీసాలు. నాయన అలవాటు ప్రకారం మొదటి మలుపు తిరగకముందే కూపీ లాగడం మొదలుపెట్టాడు.

"ఏమప్పా, మీరూ ఈ సామికే మొక్కుతారా?"

"మొక్కేదేముంది పెద్దాయనా, ఆయన మాకు బావ గదా. ఆడపిల్లనిచ్చినాం."

చెంచులక్ష్మి వాళ్ల ఇంటి బిడ్డ, నరసింహుడు ఇంటి అల్లుడు. పుస్తకాల్లో చదివాను కానీ ఒక మనిషి నోటి నుంచి, మా బావ ఫలానా ఊర్లో ఉంటాడు అన్నంత మామూలుగా వినడం అదే మొదలు. సంక్రాంతి మర్నాడు కనుమ నాడు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకిలో బయల్దేరి, ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి తనే పిలుచుకుంటూ నెలకు పైగా ఊరూరూ తిరుగుతాడు. నాయన అమ్మమ్మది చాగలమర్రి దగ్గర పల్లె. ఆ పల్లకి వాళ్ల ఊరికీ వచ్చేదట. చిన్నప్పుడు పల్లకి ముందు ఎగిరానని, చెక్కభజన మీద మనసు పడింది అప్పుడేనని ఆ కుర్రాడికి చెప్పుకొచ్చాడు. నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడు అడిగాను కనక.

"ఇంతకీ నీ పేరేంది పెద్దాయనా?"

"ఓబులేసు."

కుర్రాడు ఆగి, తలెగరేసి నవ్వాడు. "అయితే నువ్వూ మాకు బావవే! రా పెద్దబావా, పోదాం పా."

ఆ రోజంతా మా నాయన పెద్దబావే. నేను మాత్రం సార్‌నే.

భవనాశిని వాగు వెంబడే దారి. వానలు వెనకపట్టిన నెల కాబట్టి నీళ్లు బాగానే ఉన్నాయి. దారి అంటే దారి కాదు, వాగులో కొట్టుకొచ్చిన బండలు. నేను తిరుమల అలిపిరి మెట్లు, ఆ 3,550, నాలుగుసార్లు ఎక్కినవాణ్ణి. అదే ధీమాతో వచ్చాను. తిరుమల మెట్లకు పైకప్పు ఉంటుంది, పక్కన పట్టుకోను గోడ ఉంటుంది, కొంత దూరానికో అంగడి. అడుగు ఎంత ఎత్తు వేయాలో కాలికి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ప్రతి అడుగూ కొత్త లెక్కే. మోకాలెత్తు బండ ఒకటి, దాని తర్వాత కదిలే రాయి ఒకటి, దాని తర్వాత నాచు. క్రోడ నరసింహుడి దగ్గరికి, అంటే వరాహ నరసింహుడి దగ్గరికి చేరేసరికే నా చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసింది. నాయన వెనక నింపాదిగా, ముందు కర్ర పెట్టి, తర్వాత కాలు పెట్టి వస్తున్నాడు.

అక్కణ్ణుంచి జ్వాలా నరసింహం వైపు ఎక్కుడు పెరిగింది. ఒకచోట ఆయన బండ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అప్పుడే పై నుంచి డోలీ ఒకటి దిగింది. కుర్చీలో ఒక పెద్దావిడ కళ్లు గట్టిగా మూసుకుని నామం చెప్పుకుంటోంది. మోస్తున్న నలుగురి పిక్కలు రాళ్లకంటే గట్టిగా ఉన్నాయి. భుజం మార్చుకునేటప్పుడు ఒకరికొకరు చిన్నగా 'ఊఁ' అనుకుంటారు, అంతే, కుర్చీ కదలను కూడా కదలదు.

"నాయనా, మనమూ డోలీ మాట్లాడుకుందామా?"

"ఏమిరా, నన్ను అప్పుడే నలుగురి మీద ఎక్కిస్తావా?"

డోలీ మోసేవాళ్లు కూడా నవ్వారు. ఇక నేను ఆ మాట ఎత్తలేదు. ఆయన లేచాడు.

చివర్లో కొండ చరియను ఆనుకుని దారి మలుపు తిరుగుతుంది. పైనుంచి భవనాశిని జలపాతంగా దూకుతుంటుంది, దాని కిందుగానే నడవాలి. ఫొటోల్లో చూసినప్పుడు అందంగా ఉంటుంది. అక్కడ నిలబడితే ముందు చెవులు పని చెయ్యవు, తర్వాత కళ్లద్దాలు పని చెయ్యవు. నాయన తువ్వాలు తలకు చుట్టుకుని, నడి జలపాతంలో ఆగి, నోరు తెరిచి పైకి చూశాడు. తిడుతున్నాడో, స్వామిని పిలుస్తున్నాడో వినబడలేదు. ఇవతలికి వచ్చాక అడిగితే "తాగినాలే" అన్నాడు.

జ్వాలా నరసింహుడు గుడి అనేకంటే కొండ దొన్నెలో దాక్కున్నట్టుంటాడు. ఎనిమిది చేతులు, ఒడిలో రాక్షసుడు. స్తంభంలోంచి వస్తున్న రూపం కూడా అక్కడే చూపిస్తారు. పూజారి రోజూ మేం వచ్చిన దారినే ఎక్కి వచ్చి, దిగి పోతాడట. అది విన్నాక నా ఆయాసం గురించి మాట్లాడటం మానేశాను. పక్కన రక్తగుండం. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి చేతులు కడుక్కున్నది అక్కడే అంటారు. గుండంలో నీళ్లు ఎర్రజాయగా ఉన్నాయి, దోసిట్లోకి తీసుకుంటే మామూలుగా, చల్లగా ఉన్నాయి. నాయన ఆ నీళ్లతో రెండు మోకాళ్లూ తడుపుకున్నాడు. ఏ పురాణంలో ఉందో తెలియదు కానీ ఆ పని చేసేటప్పుడు ఆయన ముఖం చూస్తే ఎవరికీ అడగబుద్ధి కాదు.

ఉగ్రస్తంభానికి ఆయన రానన్నాడు. "నువ్వు పోయి చూసి రా. నా తరఫున కూడా." సరేనని నేనూ కుర్రాడూ బయల్దేరాం. అది తొమ్మిదింటిలో లెక్కకు రాదు, కానీ దాని కోసమే వచ్చేవాళ్లూ ఉన్నారు. నిలువునా చీలిన కొండ శిఖరం, స్వామి బయటికి వచ్చిన స్తంభం అదేనని నమ్మకం. దారి ఉందనుకోవడమే. చేతులతో రాళ్లు, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కాలి. ఒకచోట కిందికి చూసి ఉండకూడదు, చూశాను. టెన్షన్‌తో కాలు వణకడం మొదలైతే మోకాలి దగ్గర ఆగదు, దవడ దాకా వస్తుంది. కుర్రాడు ఏమీ అనకుండా నా పాదం పట్టుకుని తీసి, పెట్టాల్సిన రాతి మీద పెట్టాడు. చిన్నపిల్లాడికి చెప్పు తొడిగినట్టు.

పైన జెండాలు, స్వామి పాదాలు, గాలి. కింద ఎటు చూసినా నల్లమల. అక్కడికి చేరినవాళ్లంతా స్వామిని కేకేసి పిలుస్తారు. నాకు అలవాటుగా "గోవిందా!" వచ్చింది.

"గోవిందుడు తిరపతిలో ఉంటాడు సార్. ఈడ ఓబులేసు" అన్నాడు కుర్రాడు.

నేను ఆ పేరు పైకి పలికింది తక్కువ. పెద్దల పేరు పెట్టి పిలవకూడదన్నది ఒకటి, హాస్టల్ సంగతి ఇంకొకటి. బ్యాంకులో తండ్రి పేరు అడిగినా గొంతు తగ్గించి చెప్పే అలవాటు ఇప్పటికీ పోలేదు. నోరు తెరిచాను, మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి అరిచాను. "ఓబులేసూ..." ఎదుటి చరియకు తగిలి తిరిగొచ్చింది. మళ్లీ అరిచాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. కుర్రాడు ఒక మూల కూర్చుని మా నీళ్లన్నీ తాగేశాడు.

దిగి వచ్చేసరికి నాయన బండకు ఆనుకుని, ఎవరో పెట్టిన పులిహోర తింటున్నాడు. కుర్రాడి కడుపులో మాట ఆగలేదు.

"పెద్దబావా, నీ కొడుకు పైనెక్కి నీ పేరు పెట్టి అరిచినాడు."

"నా పేరు కాదులేప్పా, సామి పేరు."

నాలుగు మెట్లు దిగాం. నాయన కర్ర ఆనించి ఆగి, నా వైపు చూడకుండా కుర్రాణ్ణి అడిగాడు. "గట్టిగానే అరిచినాడా?"

తిరుగుదారిలో పక్కకు చీలితే మాలోల నరసింహుడు. 'మా' అంటే లక్ష్మి, ఆమె మీద ప్రేమ గలవాడు. అంతసేపూ గోళ్లూ కోరలూ చూసిన కళ్లకు, అమ్మవారిని పక్కన కూర్చోబెట్టుకుని కాలు కిందికి వదిలిన స్వామి కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అహోబిల మఠం జీయర్లు దేశమంతా తిరిగేటప్పుడు వెంట తీసుకుపోయేది ఈ మాలోలుడి ఉత్సవమూర్తినే. అక్కడికి దగ్గర్లోనే ప్రహ్లాద బడి, రాతి మీద అక్షరాల్లాంటి గీతలున్న చిన్న గుహ. నాయన ఆ గీతల మీద వేలు పెట్టి చూసి "నా రాత కంటే మేలు" అన్నాడు. మూడో తరగతితో ఆపేసిన మనిషి.

కిందికి వచ్చేసరికి మూడు దాటింది. తొమ్మిదోది పావనం. జనం పాములేటి నరసింహస్వామి అంటారు. అడవి లోపల, పావన నది ఒడ్డున. అక్కడికి జీపులో పోతే ఒళ్లు హూనం, నడిచి పోతే రోజంతా కావాలి. పొద్దుగుంకేలోపు పోయి రావడం కుదరదని జీపువాళ్లు చెప్పేశారు. ఇంకో రాత్రి ఉందామంటే నాకు మర్నాడు ఆఫీసు. నేనే ఎక్కువ బాధపడ్డాను. నాయన చెప్పులు దులుపుకుని కారెక్కాడు, కర్రతో సహా. అది తిరిగి ఇచ్చేసేదని చెప్తే "డబ్బులిచ్చినాను గదా, ఇంకో పది ఇయ్యి" అన్నాడు.

ఊర్లో చావిడి దగ్గర ఆ స్నేహితుడు అడిగాడట, తొమ్మిదీ అయినాయా అని. ఎనిమిదే అని ఒప్పుకున్నాడట గానీ, వెంటనే ఛత్రవటం స్వామి వేస్తున్నది ఏ తాళమని ఎదురు ప్రశ్న వేశాడట. ఆయన చెయ్యే గమనించలేదు. ఆ వాదన ఇంకా నడుస్తోందని అమ్మ ఫోనులో చెప్పింది.

కర్ర మొన్నటిదాకా మా ఇంటి తలుపు వెనక ఉండేది. మొన్న అమ్మ పొయ్యిలో పెడతానంటే, అది పావనానికి పోయేటప్పుడు కావాలని లోపల మంచం కింద దాచిపెట్టుకున్నాడు.